జీడిమెట్లలో ఒక సర్వర్ గది

జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే మధ్యతరహా కంపెనీ అది. పేరు రాయకూడదన్న షరతు మీదే లోపలికి రానిచ్చారు. నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి నన్ను సర్వర్ గదికి కాకుండా ముందు గేటు బయటి టీకొట్టుకు తీసుకెళ్లారు.

"మీ ఫోన్‌లో వైఫై లిస్టు చూడండి" అన్నారావిడ. ప్రహరీ అవతల ఉన్న కంపెనీ వైఫై పేరు టీకొట్టు బెంచీ మీద కూర్చున్న నాకు మూడు గీతలతో కనిపించింది. సిగ్నల్‌కి గోడ అడ్డం కాదు. ఆవిడ ఉద్యోగంలో చేరేనాటికి ఆఫీసంతటికీ పాస్‌వర్డ్ ఒక్కటే. దాన్ని కాగితం మీద రాసి సెక్యూరిటీ క్యాబిన్‌లో అంటించేవారు. సరుకు తెచ్చిన లారీ డ్రైవరుకూ అకౌంట్స్ సెక్షన్‌కూ అదే. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల ఫోన్లలోనూ అదే.

ఇప్పుడు డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ పద్ధతిలో ప్రతి ఉద్యోగీ సొంత యూజర్‌నేమ్‌తో వైఫైలోకి వస్తారు. ఎవరైనా మానేస్తే ఆ ఒక్క పేరు తీసేస్తే చాలు. వచ్చిపోయేవాళ్లకు వేరే గెస్ట్ వైఫై ఉంది. నా ల్యాప్‌టాప్‌ను అందులో కలిపి కంపెనీ ప్రింటర్ కోసం వెతికాను, దొరకలేదు. ఇంటర్నెట్ తప్ప మరేదీ లేదక్కడ.

సర్వర్ గదిలో నా చూపు ఫైర్‌వాల్ కంటే స్విచ్ మీద అంటించిన పట్టీ దగ్గర ఆగింది: వీలాన్ 10 అకౌంట్స్, 20 ల్యాబ్, 30 కెమెరాలు, 40 ప్లాంటు. స్విచ్ ఒకటే అయినా లోపల నాలుగు వేర్వేరు నెట్‌వర్క్‌లు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాలంటే ఫైర్‌వాల్ దాటాలి, అక్కడ రాసిపెట్టిన రూల్ ఉంటేనే దారి. ఎవరో కెమెరా రికార్డర్ పాస్‌వర్డ్ కనిపెట్టినా అక్కడినుంచి అకౌంట్స్ వాళ్ల ట్యాలీ సర్వర్ జోలికి రాలేరు.

వీటన్నిటిలో నాకు అతి ముఖ్యం అనిపించింది ఈ విడదీతే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా తాకింది. అది ఎవరూ క్లిక్ చేయకుండానే పక్క కంప్యూటర్‌కి పాకే రకం. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు విడుదల చేసింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో 5 సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా తాళంలో పడితే, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే అందుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ల్యాబ్‌లో ఆ అవసరం ఇంకా బాగా తెలిసింది. మందుల నాణ్యత పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. మారిస్తే యంత్రం సాఫ్ట్‌వేర్ పనిచేయదు, యంత్రమేమో లక్షల ఖరీదు. కొత్తది కొనమని చెప్పడం ఎవరికైనా తేలికే, కొనాల్సినవాళ్లకు కాదు. అందుకే దానికి ఇంటర్నెట్ పూర్తిగా కట్. ఫలితాల ఫైళ్లు దాచే సర్వర్ ఒక్కటే దానికి కనిపిస్తుంది.

లాక్‌డౌన్‌లో ఆడిటర్ ఇంటినుంచి పనిచేయాలని ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి అలాగే వదిలేశారట. మూసేసిన ఆ పోర్టు మీద ఇప్పటికీ జరుగుతున్న ప్రయత్నాలను ఫైర్‌వాల్ లాగ్‌లో చూపించారు. వరస తరవాత వరస, ఏవేవో దేశాల అడ్రసులు. నిజంగా భయం వేసింది. ఇప్పుడు ఆడిటర్ వీపీఎన్ అనే ఎన్‌క్రిప్ట్ చేసిన దారిలోంచే రావాలి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా కొట్టాలి. వచ్చాక ట్యాలీ సర్వర్ తప్ప ఇంకేదీ అందదు.

"వీపీఎన్ పెట్టాం కదా అని నిద్రపోకూడదండీ" అంటూ కాలనియల్ పైప్‌లైన్ సంగతి ఎత్తారు. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం అందించే ఆ పైప్‌లైన్‌ను రోజుల తరబడి ఆపేయాల్సి వచ్చింది. దొంగలు లోపలికి వచ్చింది వాడకంలో లేని పాత వీపీఎన్ ఖాతాతో, దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. అందుకే ఇక్కడ నెలనెలా వీపీఎన్ ఖాతాల జాబితాను హెచ్‌ఆర్ జాబితాతో సరిచూస్తారు. లక్షలు పోసి ఫైర్‌వాల్ పెట్టె కొని, ఈ పని చేసే మనిషికి జీతం ఇవ్వడానికి వెనకాడే కంపెనీలు తెలుసుకోవలసింది ఇదే.

పెట్టె పనికిరాదని కాదు. తెలిసిన దాడుల ఆనవాళ్లను ఫైర్‌వాల్ గుర్తుపట్టి ఆపుతుంది. కానీ ఎన్‌క్రిప్ట్ అయి వచ్చేదాన్ని విప్పి చూస్తే తప్ప లోపలేముందో దానికి తెలియదు. అందుకే ఏదైనా దాటిపోతే తరవాత వెతికి చూసేందుకు లాగ్‌లు 180 రోజులు దాస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశమూ అదే, సంఘటన తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలని కూడా అందులో ఉంది. బ్యాకప్ కాపీ ఒకటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. దాన్ని అప్పుడప్పుడూ తెరిచి, ఫైళ్లు నిజంగా తిరిగి వస్తున్నాయో లేదో చూస్తారు.

నేను బయల్దేరబోతుంటే హెచ్‌పీఎల్‌సీ సర్వీస్ ఇంజినీర్ ఫోన్ చేశాడు. రిపేరుకు, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ పెట్టి ఇవ్వమంటున్నాడు.

"ఎనీడెస్క్ కుదరదు బాబూ. నాలుగింటి నుంచి ఆరింటిదాకా నీ పేరు మీద వీపీఎన్ తెరుస్తాను, ఆ ఒక్క మెషీన్ వరకే. నేను పక్కనే కూర్చుంటాను. ఇంకా టైం కావాలంటే ఆరులోపు చెప్పు."