స్టీరింగ్ లూజైతే పానా మనం పట్టాలా, మేస్త్రీకి ఇయ్యాలా?

తొలకరి దగ్గర పడితే చాలు, ఒక మాట తప్పకుండా అడుగుతారు. "అన్నా, ట్రాక్టర్ స్టీరింగ్ లూజైంది. మనమే మార్చుకోవచ్చునా, మేస్త్రీని పిలవాల్నా?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తాండా.

క్లచ్ పని తప్పు చేస్తే బండి చేన్లోనే నిలబడిపోతుంది. స్టీరింగ్ పని తప్పు చేస్తే బండి నిలబడదు, పోతానే ఉంటుంది. ఎటు పోతుందో మాత్రం మన చేతిలో ఉండదు. ఆదోనికి పత్తి, పత్తికొండకు టమోటా తోలేది ఆ బండితోనే. కోతలప్పుడు ట్రాలీలో కూర్చునేది మన ఊరి ఆడోళ్లే. అందుకే కూలి ఎంత మిగులుతుందనేది రెండో లెక్క. చేసిన పని సరిగ్గా ఉందో లేదో మన కంటితో చూసి చెప్పగలమా అనేది మొదటి లెక్క. చెప్పగలిగితే చేసుకోండి. లేదంటే మేస్త్రీకి ఇయ్యండి.

పానా పట్టేముందు లూజు యాడుందో కనుక్కోవాల. ఇంజను ఆపి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ముందు యాక్సిల్ జాకీ మీద లేపండి. జాకీని నమ్మి కిందికి దూరొద్దు, యాక్సిల్ కింద గట్టి మొద్దు పెట్టాల. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే కదులుతుందంటే బేరింగో, కింగ్‌పిన్నో అరిగింది. కుడి ఎడమలకు ఊపితే కదులుతుందంటే ఎక్కువ శాతం బాల్ జాయింట్. పిల్లోడిని సీటు మీద కూర్చోబెట్టి స్టీరింగ్ కొంచెం కొంచెం తిప్పమని, మీరు ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అరిగింది చేతికి తెలిసిపోతుంది. మన జొన్నగిరి, తుగ్గలి పక్క ఎర్రనేలల్లో రాళ్లు ఎక్కువ. దెబ్బ మొదట తగిలేది ఈ జాయింట్లకే. రబ్బరు తొడుగు చినిగితే మన్ను పోయి ఇంకా తొందరగా అరుగుతాయి. ఒకపక్కకే లాగుతుంటే ముందు టైర్లలో గాలి సమంగా ఉందో లేదో మొదట చూడండి. ఖర్చు లేకుండా తీరిపోవచ్చు.

బాల్ జాయింట్ మార్చేది మనం చేసుకునే పనే. స్ప్లిట్ పిన్ తీసి నట్టు విప్పండి. బోల్టు మొన మీద కొడితే మరలు చెడిపోతాయి. జాయింట్ కూర్చునే కన్ను పక్కన ఒక సుత్తి ఆనించి, రెండో సుత్తితో అవతలి పక్క కొడితే వదులుతుంది. రాడ్డు నుంచి ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే ఎక్కించండి. కొన్నింటికి ఒకపక్క మర ఎడమ చేతిది ఉంటుంది, చూసి తిప్పండి. నట్టు బిగించినాక పిన్ రంధ్రం గాడికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించాలే గాని వెనక్కి వదులు చేయొద్దు. పిన్ కొత్తదే వేయాల.

తర్వాత ముందు టైర్ల మధ్య దూరం టేపుతో కొలవండి. చక్రం మధ్య ఎత్తున, ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి. ముందు కొలత కొద్దిగా తక్కువ ఉండాల. ఎన్ని మిల్లీమీటర్లు అనేది మీ బండి పుస్తకంలో ఉంటుంది. అది తప్పితే కొత్త టైర్లు ఊరికే అరిగిపోతాయి.

ఇంక మనం ముట్టకూడనివి. స్టీరింగ్ బాక్స్ విప్పొద్దు. లోపల బిగువు సరిచేసే పల్చని రేకులు ఉంటాయి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా స్టీరింగ్ పట్టేస్తుంది, లేదంటే మళ్లీ లూజే. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. పవర్ స్టీరింగ్ అయితే ఇంకా జాగ్రత్త. చాలా బండ్లలో స్టీరింగ్‌కు, చక్రాలకు మధ్య కడ్డీ ఉండదు, ఆయిల్ ఒత్తిడే తిప్పుతుంది. కళ్లంలో విప్పితే రవ్వంత దుమ్ము చాలు లోపల గీతలు పడేదానికి. ఆయిల్ మట్టం, పైపుల కారుడు చూసేవరకే మన పని. వారంటీ ఉన్న బండి అయితే అది కూడా కంపెనీవాళ్లకే ఇయ్యండి.

వంగిన ఆర్మును, విరిగిన రాడ్డును వెల్డింగ్ చేయించి రోడ్డెక్కొద్దు. మనం చేసినా, మేస్త్రీ చేసినా అది తప్పే. కొత్తది కొనాల్సిందే.

మేస్త్రీకి ఇస్తే మన పని అయిపోయిందని కూడా అనుకోవద్దు. ఒక షెడ్డులో బాగుచేసిన బండిని ఇంటికి తెచ్చి కిందికి వంగి చూస్తే, స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట కట్టుతీగ చుట్టి ఉంది. నా కళ్లతో చూసినా. తీగ తెగితే నట్టు వదులవుతుంది, నట్టు పడిపోతే జాయింట్ ఊడుతుంది. డబ్బు ఇచ్చేముందే కింద చూడండి. పాత సామాను చేతికి అడగండి. మాటపడతాడేమోనని మొహమాటపడొద్దు, పని తెలిసిన మేస్త్రీ ఆయనే పిలిచి చూపిస్తాడు.

ఎవరు చేసినా మొదట చేన్లో ఖాళీ బండిని మెల్లగా తిప్పి చూడండి. ఒక దినం పనిచేసినాక నట్లు, పిన్లు మళ్లీ చూడండి. అంతవరకు ట్రాలీ తగిలించొద్దు, మనుషులను ఎక్కించొద్దు. ఈ వారం బండి బయటికి తీసేముందు ఒక్కసారి ముందు చక్రాల మధ్యకు వంగి, ఎన్ని పిన్లు ఉండాల్నో, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి అన్నా.