తాతయ్య బిళ్ళ, నా డబ్బా

ఆ డబ్బా కొన్నది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

మా తాతయ్యకి పార్కిన్సన్స్. ఊళ్లో అందరూ వణుకుడు జబ్బు అంటారు కానీ, ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది వణుకు కాదు, ఒళ్లు బిగుసుకుపోవడం. తెనాలిలో నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషికి ఇప్పుడు చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి లెవోడోపా బిళ్ళ వేసుకుంటే, అరగంటా ముప్పావుగంటలో ఒళ్లు కాస్త వదులవుతుంది. అప్పుడు తనంతట తనే లేచి, సందు చివర టీ కొట్టు దాకా నడిచి, పేపర్ చదువుకుని వస్తాడు. రోజు మొత్తం మీద ఆయనకి పండగంటే ఆ గంటే.

సంక్రాంతికి వెళ్లి చూస్తే బాగా చిక్కిపోయాడు. నేనేమో హైదరాబాద్‌లో రోజూ జిమ్‌కి వెళ్తూ, ప్రొటీన్ గురించి నాకు తెలియంది లేదనుకునే రకం. బీసీఏఏ అదనంగా కలిపిన వే ప్రొటీన్ డబ్బా ఒకటి అమ్మమ్మ చేతిలో పెట్టా. "రోజూ పొద్దున్నే ఒక స్కూపు పాలల్లో కలిపి ఇవ్వు అమ్మమ్మా, బలం వస్తుంది" అన్నా. ఆవిడ ఎనిమిదింటి బిళ్ళ కూడా ఆ పాలతోనే వేయించడం మొదలుపెట్టింది. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి కదా అని.

మూడు వారాలకి ఫోన్ వచ్చింది. "మీ తాతయ్య పదయినా కుర్చీలోంచి లేవట్లేదురా. టీ కొట్టు సంగతే మర్చిపోయాడు" అంది. జబ్బు ముదిరిందనే అనుకున్నాం అందరం. ఆ తర్వాత ఓ రోజు బాత్రూమ్ గుమ్మం దగ్గర అడుగు పడక పడిపోయాడు. అదృష్టం, ఎముకేం విరగలేదు.

గుంటూరులో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లా. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే, అమ్మమ్మా నేనూ ఒకేసారి "లేదండీ" అన్నాం. అబద్ధం చెప్పాలని కాదు. పౌడర్ కూడా చెప్పాల్సిందని మాకు తోచలేదంతే. డోసు పెంచాలేమో అంటూనే ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు. "పొద్దున బిళ్ళ దేంతో వేసుకుంటారు?"

"మనవడు తెచ్చిన బలం పొడి కలిపిన పాలతోనమ్మా."

ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. డబ్బా లేబుల్ ఫొటో ఫోన్లో చూపించా. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అన్న పేర్ల మీద వేలు పెట్టి చెప్పారు.

లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. అది మెదడులోకి చేరి డోపమైన్‌గా మారితేనే తాతయ్య కాళ్లు కదులుతాయి. పేగుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడులోకి దాటడానికి అది వాడుకునే దారే ల్యూసిన్‌ లాంటి వాటిదీ. పండగ ముందు రోజు ఎంజీబీఎస్‌లో బస్సు గుర్తు తెచ్చుకోండి. ఉన్నది ఒక్కటే తలుపు, కింద వంద మంది. చేతికర్రతో ఉన్న పెద్దాయన ఎక్కగలడా? తాతయ్య బిళ్ళకి జరిగింది అదే. ఆ గుంపుని తోలుకొచ్చింది నేను.

"ఈ తేడా అందరిలో ఇంతలా కనిపించదు. అలాగని ప్రొటీన్ మానేయొద్దు. చిక్కిపోతున్న మనిషికి అది కావాలి. టైమ్ మారిస్తే చాలు" అన్నారావిడ. బిళ్ళ మంచినీళ్లతో, టిఫిన్‌కి కనీసం అరగంట ముందు. గుడ్డు, పప్పు, పెరుగు ఎక్కువగా రాత్రి భోజనంలోకి. పౌడర్ ప్రస్తుతానికి బంద్. ఐరన్ బిళ్ళలు కూడా దీనితో కలిపి వేసుకోకూడదట. డోసు మార్చకుండా రెండు వారాలు చూద్దామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో నేనేం మాట్లాడలేదు. తాతయ్యే నా తొడ మీద చెయ్యేసి, "ప్రేమతోనే తెచ్చావులేరా" అన్నాడు. అందుకే ఇంకా బాధేసింది.

ఇది జిమ్‌లో చెబితే ఒక ఫ్రెండ్ ముఖం మారింది. వాడు డిప్రెషన్‌కి ఎస్ఎస్ఆర్ఐ రకం మందు వాడుతున్నాడు. నిద్ర కోసం ట్రిప్టోఫాన్ క్యాప్సూల్స్ ఆర్డర్ పెట్టబోతున్నాడు. అదీ అమైనో ఆమ్లమే, ఒంట్లో సెరటోనిన్‌గా మారుతుంది. ఆ మందుతో కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి గుండె దడ, వణుకు, జ్వరం, అయోమయం దాకా వెళ్లొచ్చు. ప్రీవర్కౌట్లలో ఉండే ఆర్జినిన్ అయితే బీపీ తగ్గిస్తుంది. బీపీ మందులో, గుండెనొప్పికి ఇచ్చే నైట్రేట్లో వాడేవాళ్లకి బీపీ మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

డబ్బా మీద 'సహజం' అని ఉంటుంది, చీటీ లేకుండా దొరుకుతుంది, కాబట్టి మందు కాదనుకుంటాం. ఒంట్లోకి వెళ్లాక ఆ తేడా ఉండదు. మందులేం వాడుతున్నారని డాక్టర్ అడిగితే పౌడర్లు, క్యాప్సూల్స్, కషాయాలు కూడా చెప్పండి. లేబుల్ ఫొటో ఫోన్లో ఉంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఏదైనా కొనే ముందు వాళ్ల బిళ్ళల పేర్లు చెప్పి డాక్టర్‌నో, ఫార్మసిస్ట్‌నో అడగండి. అలాగని ఇది చదివి ఉన్న మందులు సొంతంగా ఆపేయకండి.

వారం తిరక్కుండానే తాతయ్య మళ్లీ టీ కొట్టుకి వెళ్లాడు. మొన్న వీడియో కాల్లో నేను ప్రొటీన్ తాగుతుంటే చూసి నవ్వాడు. "ఆ పొడి నువ్వే తాగరా. నాకు రాత్రి పప్పన్నం చాలు" అన్నాడు.