రెండు వేళ్ళ థాంక్స్

మేం హాంకాంగ్ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదండీ, మా అబ్బాయి చేసుకుంటానన్న అమ్మాయి వాళ్ళమ్మానాన్నల్ని చూడ్డానికి. వాళ్ళేమో ఆదివారం పొద్దున్నే డిమ్ సమ్ హోటల్‌కి రమ్మన్నారు. "మొదటిసారి కలవడం హోటల్లోనా?" అని మా వారి దగ్గర గొణిగాను. అక్కడ కుటుంబాలన్నీ కలిసేది అలాంటిచోటేనని లోపలికి వెళ్ళాకగానీ తెలీలేదు. తాతలు, మనవలు, ఒకటే గోల. అచ్చం మన పెళ్ళి భోజనాలే!

కాబోయే వియ్యపురాలు ముందు వేడి టీతో గిన్నెలూ చాప్‌స్టిక్‌లూ కడిగారు. (మా అత్తగారూ అంతే, హోటల్లో గ్లాసు కడక్కుండా ముట్టేవారు కాదు.) తర్వాత తన కప్పు వదిలేసి మా అందరికీ టీ పోశారు. మావాడు మాట్లాడుతూనే రెండు వేళ్ళతో బల్లమీద తట్టాడు. అదేంట్రా అంటే, "థాంక్స్ అనమ్మా, ఇక్కడింతే" అన్నాడు. వాడికి నాకు తెలియని అలవాట్లు వచ్చేశాయి. కాసేపు నాకు టీ గొంతు దిగలేదు.

వెదురు బుట్టలొచ్చాయి. రొయ్యల హార్ గావ్ పైపొరలోంచి లోపలి గులాబీ రంగు కనిపిస్తోంది. నా జిల్లేడుకాయలు ఏనాడూ అంత పల్చగా రాలేదు, ఒప్పుకోవాలి. పంది మాంసం లేనివేవో ఆ పిల్ల ముందే కనుక్కుని, ఒక్కో బుట్టా నావైపు జరిపింది.

బిల్లు దగ్గర మా వారూ ఆయనా చేతులు పట్టుకుని లాక్కున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, ఆ పోట్లాట మాత్రం ఇద్దరికీ వచ్చు!

ఈలోగా టీ అయిపోతే ఆవిడ పాట్ మూత పక్కకి జరిపి పెట్టారు. పిలవకుండానే వచ్చి వేడినీళ్ళు పోసి వెళ్ళారు. ఈసారి నేనే అందుకుని ముందు ఆవిడ కప్పులో పోశాను.

ఆవిడ రెండు వేళ్ళతో బల్ల తట్టారు.