అట్ట కోస్తే పేరు పోతుంది

పాత పటాలు కట్టే దుకాణం ఒకటి చూసి రాయమని సంపాదకుడు పంపితే పాతబస్తీకి, పత్తర్‌గట్టి వెనక సందులోకి వెళ్లాను. సందంతా వదిలేసి, పటాలు కట్టే పెద్దాయన చేతుల దగ్గరే కూర్చుండిపోయాను.

బల్లమీద ఒక స్త్రీ ఫోటో. వాలుజడ, వడ్డాణం, కుర్చీ మీద ఆనించిన చెయ్యి. పటాన్ని బోర్లించి, మేకులు ఒక్కొక్కటే పటకారుతో లాగి, వెనకట్ట తీశారు. ఫోటోను అంచులతోనే ఎత్తారు. నల్లటి చోట్ల వెండి పైకి తేలి నీలంగా మెరుస్తోంది. ఫోటో అంటించిన మందపాటి అట్ట మీద, అడుగున, స్టూడియో పేరు ఒత్తి ఉంది.

"దీన్నే కోసెయ్యమంటరు సార్, కొత్త ఫ్రేముల పట్టదని. కోస్తే ఇగ ఏముంటది? యాడ తీసిన్రో ఎట్ల తెలుస్తది?"

ఆయన కోయరు. ఫ్రేమే పెద్దది కడతారు. బేరాలు పోయినా సరేనట. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

తెచ్చినవాళ్లు అది తమ ముత్తవ్వ అనుకుంటున్నారు. కానీ ఆ మెడ, ఆ మణికట్టు మగవాడివి; నాటకంలో ఆడవేషం కట్టిన నటుడు. వెనక పెన్సిల్‌తో 'సత్యభామ' అని రాసి ఉంది. వేషం పేరు మిగిలింది, పాడిన మనిషి పేరు పోయింది.

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ మిలాన్‌లో ఒపేరా గాయకుడు కరూసో గొంతునూ, కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతునూ రికార్డు చేశాడు. గ్రామఫోన్ రోజుల్లో గొంతు వెంట ముఖమూ ఊరూరా తిరిగింది. కరూసో ఫోటోలను అక్కడివాళ్లు తేదీతో, పాత్రతో, స్టూడియో పేరుతో సహా దాచుకున్నారు. మన పద్యనాటక గాయకులు వాళ్లకేం తీసిపోయారు? మైకు లేని రోజుల్లో చివరి వరసకు పద్యం వినిపించినవాళ్లు! ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది, ఆయన సత్యభామ మనకు గుర్తుంది. మిగతా సత్యభామలు ఎవరింటి గోడ మీదో ముత్తవ్వలైపోతున్నారు.

నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరిచింది. నవాబుల ముఖాలకు దక్కిన ఆ శ్రద్ధ నాటకాల కంపెనీల ముఖాలకూ దక్కాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ, విశ్వవిద్యాలయాలూ ఇల్లిల్లూ తిరిగి ఈ ఫోటోలకు నకళ్లు తీయించాలి. పేరు చెప్పగల ముసలివాళ్లు ఉండగానే తీయించాలి.

మీ ఇంట్లో అలాంటి పటం ఉంటే అట్ట కోయించకండి. వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో నటుడి పేరు, నాటకం, ఊరు ఈవారమే రాసి పెట్టండి.