ఆమెదీ డ్యూటీయే

బొగ్గుబాయి ఊళ్ళలో 'డ్యూటీ' అనే మాటకున్న బరువు వేరు. మా మందమర్రిలో మగవాళ్ళు ఫస్ట్ షిఫ్ట్ అంటే ఇల్లంతా చీకటితోనే లేస్తుంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుంటే పగలు పిల్లలు గట్టిగా మాట్లాడరు, కుక్కర్ విజిల్ కూడా భయపడుతూనే వేస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. డ్యూటీ మరి!

2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. ఐదు జట్లు, 22 మ్యాచులు, అన్నీ ముంబయి, నవీ ముంబయిల్లోనే. మన హైదరాబాదుకు జట్టు లేదు. అయినా మన అమ్మాయిలున్నారు. ఫిబ్రవరిలో జరిగిన వేలంలో ఆదోని అమ్మాయి అంజలి శర్వాణిని యూపీ వారియర్స్ 55 లక్షలకు తీసుకుంది. హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డిని, ఆంధ్ర జట్టు అమ్మాయి స్నేహ దీప్తిని ఢిల్లీ క్యాపిటల్స్ చెరో 30 లక్షలకు తీసుకుంది.

ఈ స్నేహ దీప్తి కథ దగ్గరే నేను ఆగిపోయాను. 2013లో పదహారేళ్ళకే ఇండియాకు ఆడింది. తర్వాత పెళ్ళయింది, పాప పుట్టింది. మన లెక్కలో అక్కడితో ఆట కథ ముగిసినట్టే. కానీ ఆమె మళ్ళీ బ్యాట్ పట్టుకుంది. రెండేళ్ళు నిండీ నిండని పాపను ఇంట్లో వదిలి ముంబయి బయలుదేరింది. బయలుదేరేటప్పుడు పాప ఏడ్చిందని, వెళ్ళాలా వద్దా అని మనసు ఊగిసలాడిందని ఆమే చెప్పింది.

ఫోన్లో మ్యాచ్ చూస్తూ ఈ సంగతి మా అత్తమ్మకు చెప్పాను.

"గంత చిన్నపిల్లను ఇడిసిపెట్టి పోయిందా? ఎట్ల మనసొప్పిందే?" అన్నది.

"మామయ్య నైట్ షిఫ్ట్ పోయినప్పుడు పిల్లలను ఇడిసి ఎట్ల పోయినవని ఎవలన్న అడిగిండ్రా అత్తమ్మా?"

"గది డ్యూటీ కదనే."

"ఇది గూడ డ్యూటీయే. జీతం ఇస్తున్నరు."

అత్తమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముప్పై లచ్చలంటివి గదా?" అని మళ్ళీ అడిగింది.

డబ్బే గొప్పదని కాదు నేననేది. నేను పదో తరగతి దాకా ఖోఖో ఆడాను. ఆ తర్వాత ఇంట్లో "ఆటలు తిండి పెడ్తయా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుల్లో మా నాన్న దగ్గరా లేదు. అమ్మాయి ఆట సరదా అయినంత కాలం, ఇంట్లో ఏ పని వచ్చినా ముందు ఆగిపోయేది అదే. అదే పని అయితే, దానికోసం ఇల్లు సర్దుకుంటుంది. నాయనమ్మో అమ్మమ్మో పిల్లను ఎత్తుకుంటుంది, భర్త వంటింట్లోకి వస్తాడు.

ఆ మొదటి సీజన్లో హర్మన్‌ప్రీత్ కౌర్ కెప్టెన్సీలో ముంబయి గెలిచింది. మన ఇద్దరమ్మాయిలున్న ఢిల్లీ ఫైనల్లో ఏడు వికెట్లతో ఓడింది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండానే లోపలికి పంపారట. కప్పు ఎవరిదన్నది కొన్నాళ్ళకు మరిచిపోతాం. "ఆటలు తిండి పెడ్తయా?" అన్న ప్రశ్నకు ఒక జవాబు మాత్రం దొరికింది.

అందరికీ అంత డబ్బు రాదు, తెలుసు. ఖోఖోకూ వాలీబాల్‌కూ ఇంకా రాదు. అయినా మా ఆడపడుచు బిడ్డ వాలీబాల్ సెలెక్షన్లకు మంచిర్యాల పోతానంటే, ఇంట్లో పని ఎవరు చేస్తారని వాళ్ళ నాన్న అడ్డుపడ్డాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకున్నది.

"పోనియ్యి అల్లుడా. ఇంటి పని నేను చూస్త."