కరోల్ బాగ్‌లో బుల్లెట్ బేరం

ఢిల్లీలోని కరోల్ బాగ్ సందుల్లో సుత్తి చప్పుడు ఆగదు. లదాఖ్ బయల్దేరే కుర్రకారు బుల్లెట్లకు క్యారియర్లు, పెట్రోలు డబ్బాల స్టాండ్లు బిగించుకునేది ఇక్కడే. అడిగితే సైలెన్సరూ మారుతుంది. చిక్కంతా అక్కడే. కంపెనీ నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో 'మేక్ ఇట్ యువర్స్' తెచ్చింది. రంగు, సీటు, అద్దాలు బుకింగ్‌లోనే ఎంచుకోవచ్చు. వారంటీకి ఢోకా లేదు. కానీ జాబితాలో లేనిది దొరకదు. పొట్టి మనిషిని కూర్చోబెట్టి, స్పాంజి కోసి, మళ్లీ కూర్చోబెట్టి చూసే ఓపిక ఈ సందులదే. 17,500 అడుగుల ఖర్దుంగ్ లా ఎక్కేటప్పుడు నడుముకు తెలిసేది రంగు కాదు, సీటే. తెలివైనవారు సైలెన్సర్ జోలికి పోకుండా సీటు కుట్టించుకుని, క్యారియర్ బిగించుకుని మనాలీ దారి పడతారు.