నాలుగు డేగలు

పిల్లలూ! హిందూ మహాసముద్రంలో, మడగాస్కరుకు తూర్పుగా మారిషస్ అనే చిన్న దీవి దేశం వున్నది. పూర్వం మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు.

డోడో పక్షి ఈ దీవిలోనే వుండేది. ఎగరలేని ఆ లావుపాటి పక్షిని నల్లబల్ల మీద గీస్తే నా విద్యార్థులు విరగబడి నవ్వేవారు. 1598లో డచ్చివారు దీవిలో దిగారు. నూరేళ్ళు గడవకముందే డోడో మాయమయింది. "నావికులే తినేశారా, మాస్టారూ?" అని అడిగేవారు. తిన్నారు. అంతకన్న ఎక్కువ చేటు ఓడల్లో వచ్చిన ఎలుకలు, కోతులు, పందులు చేసినవి. నేలమీది గుడ్డును అవి బ్రతకనిస్తాయా?

ఆ దీవి డేగకూ ఆ గతే పట్టబోయింది. అడవులు చెరుకు తోటలైనవి. మలేరియా దోమలను చంపటానికి చల్లిన డి.డి.టి. దాని ఒంట్లో చేరింది. 1974లో అడవిలో మిగిలినట్టు తెలిసినవి నాలుగే డేగలు!

1979లో వచ్చిన కార్ల్ జోన్స్ ఏం చేశాడో తెలుసా? గూళ్ళలోని గుడ్లు ఎత్తుకుపోయాడు! ఇదేం దొంగతనమంటారా? మొదటి గుడ్లు పోతే తల్లి డేగ మళ్ళీ పెడుతుంది. తీసిన గుడ్లను యంత్రంలో పొదిగించి, పిల్లలకు చేతితో మేతపెట్టి, పెద్దవయ్యాక అడవిలో వదిలారు.

ఇప్పుడవి వందల్లో వున్నవి. కాని గండం గడవలేదు. 2014లో వాటిని మళ్ళీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. దీవిలో చెడని పాత అడవి నూటికి రెండు పాళ్ళయినా లేదు. తొర్రలున్న ముసలి చెట్లు కరువై, డేగలు గుడ్లు పెట్టటానికి మనుషులే చెక్కపెట్టెలు అమర్చి ఇస్తున్నారు.